ఏప్రిల్ 1, 1955: మన ఆర్మీ చరిత్రలో ఎవరూ తలుచుకోని రోజు

ప్రతి ఏడాదీ జనవరి 15 రాగానే వాట్సాప్ గ్రూపుల్లో కరియప్ప ఫొటో తిరుగుతుంది. ఆర్మీ డే. 1949లో సరిగ్గా ఆ రోజున జనరల్ రాయ్ బుచర్ నుంచి కె.ఎం. కరియప్ప బాధ్యతలు తీసుకుని భారత సైన్యానికి మొట్టమొదటి భారతీయ కమాండర్ ఇన్ చీఫ్ అయ్యారు. గర్వపడాల్సిన రోజే, కాదనను. కానీ ఆ తర్వాత ఆరేళ్లకే, 1955 ఏప్రిల్ 1న, ఆ కమాండర్ ఇన్ చీఫ్ పదవినే మన దేశం తీసేసింది. ఆ రోజు గురించి ఎవరూ ఏమీ పోస్ట్ చెయ్యరు. నేను చదివిన స్కూలు పుస్తకాల్లో ఎక్కడా దాని ఊసే లేదు. నన్నడిగితే మాత్రం, ఈ దేశంలో ఇప్పటిదాకా ఒక్క జనరల్ కూడా రేడియో స్టేషన్ ఆక్రమించుకుని "నేటి నుంచి అధికారం నాది" అని ప్రకటించలేదంటే, దానికున్న కారణాల్లో ఆ ఏప్రిల్ 1 చాలా ముఖ్యమైనది. అందుకే ఈ పోస్టు. కాస్త పొడుగ్గానే ఉంటుంది.

ముందు ఆ పదవి ఎంత పెద్దదో చెప్పాలి, లేకపోతే దాన్ని తీసెయ్యడం ఎంత పెద్ద పనో అర్థం కాదు.

బ్రిటిష్ ఇండియాలో వైస్రాయ్ తర్వాత అంతటివాడు కమాండర్ ఇన్ చీఫ్. సైన్యాన్ని నడిపేది ఆయనే, వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో సభ్యుడిగా కూర్చునేదీ ఆయనే. అంటే ఇప్పటి భాషలో చెప్పాలంటే ఆర్మీ చీఫూ, రక్షణ మంత్రీ ఒకే మనిషి. నేవీ, ఎయిర్ ఫోర్స్ కూడా ఆయన కిందే. ఢిల్లీలో తీన్ మూర్తి భవన్ చూసినవాళ్లకి ఆ స్థాయి ఏంటో తేలిగ్గా తెలుస్తుంది. రాబర్ట్ టార్ రస్సెల్ గీసిన డిజైన్, 1930లో పూర్తయింది, వైస్రాయ్ భవనానికి దక్షిణాన ఉంటుంది. అప్పట్లో దాని పేరు ఫ్లాగ్‌స్టాఫ్ హౌస్, కమాండర్ ఇన్ చీఫ్ ఉండడానికి కట్టిన ఇల్లు. ఎదురుగా కూడలిలో నిలబడి ఉన్న ముగ్గురు సైనికుల విగ్రహాలు మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన హైదరాబాద్, మైసూర్, జోధ్‌పూర్ సంస్థానాల అశ్విక దళాలకి గుర్తు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ ఇంట్లోకి ఎవరు వెళ్లారు? సైన్యాధిపతి కాదు. 1948లో ప్రధానమంత్రి నెహ్రూ వెళ్లారు, చనిపోయేవరకూ అక్కడే ఉన్నారు. మీటింగులు, తీర్మానాలు, చట్టాలు అన్నీ తర్వాత వచ్చాయి. ఇక నుంచి ఈ దేశంలో ఎవరి మాట ఎవరు వినాలో మాత్రం ఆ ఒక్క ఇల్లు మారడంతోనే జనానికి కనబడిపోయింది.

అయితే ఒకే మనిషి చేతిలో ఇంత అధికారం పెట్టొచ్చా అన్న గొడవ మన నాయకులతో మొదలైంది కాదు. తెల్లవాళ్లే దాని మీద భయంకరంగా కొట్టుకున్నారు. 1902లో లార్డ్ కిచనర్ కమాండర్ ఇన్ చీఫ్‌గా వచ్చాడు. వైస్రాయ్ లార్డ్ కర్జన్. అప్పటికి వైస్రాయ్ మండలిలో సైన్యం తరఫున ఇద్దరుండేవాళ్లు: సైన్యాన్ని నడిపే కమాండర్ ఇన్ చీఫ్ ఒకరు, సరఫరాలు, రవాణా, ఖర్చుల సంగతి చూస్తూ వైస్రాయ్‌కి సలహా ఇచ్చే మిలిటరీ మెంబర్ ఇంకొకరు. ఈ రెండోవాడు ర్యాంకులో తక్కువ, కానీ కమాండర్ ఇన్ చీఫ్ పంపిన ప్రతిపాదన మీద "ఇది కుదరదు" అని రాసే అధికారం ఉండేది. కిచనర్‌కి అది మింగుడుపడలేదు. నా కింది ర్యాంకువాడు నా కాగితాల మీద వ్యాఖ్యలు రాయడమేంటి, రెండు కుర్చీలూ ఒకటి చెయ్యండి అన్నాడు. కర్జన్ ఒప్పుకోలేదు. అలా చేస్తే సైన్యం మీద పౌర ప్రభుత్వానికి పట్టు పోతుందని ఆయన వాదన. లండన్ కిచనర్ వైపే మొగ్గింది, 1905 ఆగస్టులో కర్జన్ రాజీనామా చేశాడు.

బెంగాల్‌ని చీల్చిన కర్జన్ మీద నాకు ఏ కోశానా అభిమానం లేదు. కానీ ఈ ఒక్క విషయంలో ఆయనదే రైటు. రుజువు కావడానికి ఎక్కువ కాలం కూడా పట్టలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇండియా నుంచి మెసపొటేమియాకి (ఇప్పటి ఇరాక్) పంపిన సైన్యం కూట్ అనే ఊళ్లో టర్కీవాళ్ల ముట్టడిలో చిక్కుకుని 1916 ఏప్రిల్ 29న లొంగిపోయింది. దాదాపు 13 వేల మంది, అందులో మన సిపాయిలే ఎక్కువ. పడవలు లేవు, మందులు లేవు, గాయపడ్డవాళ్లని తరలించే ఏర్పాటు లేదు. తర్వాత వేసిన విచారణ కమిషన్ 1917లో రిపోర్టు ఇస్తూ, కమాండర్ ఇన్ చీఫ్, మిలిటరీ మెంబర్ పనులు రెండూ ఒక్కడే చెయ్యడం అయ్యే పని కాదని తేల్చింది. కిచనర్ పట్టుబట్టి సాధించుకున్న ఏర్పాటుకి మూల్యం చెల్లించింది ఎవరో ఆలోచించండి. కూట్ నుంచి బందీలుగా ఎడారిలో నడిపించుకుంటూ తీసుకెళ్లిన వాళ్లలో ఎంతోమంది తిరిగి రాలేదు. ఇంత జరిగినా ఆ రెండు కుర్చీల ఏర్పాటు మాత్రం మళ్లీ రాలేదు. 1946 దాకా కిచనర్ ఏర్పాటే నడిచింది.

ఇక మనవాళ్లు ఆ కుర్చీ దాకా ఎలా చేరారన్నది ఇంకో కథ, ఇది నాకు చాలా ఇష్టమైన భాగం.

1918 వరకూ ఒక భారతీయుడు ఎన్ని యుద్ధాలు చేసినా సుబేదార్ మేజర్ దగ్గర ఆగిపోవాల్సిందే, నిన్న గాక మొన్న వచ్చిన ఇంగ్లిష్ కుర్రాడికి సెల్యూట్ కొట్టాల్సిందే. మొదటి యుద్ధంలో లక్షల మందిని పంపాక ఇక తప్పక ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్ మిలిటరీ కాలేజీలో ఏడాదికి పది సీట్లు భారతీయులకి ఇచ్చారు. పదంటే పది. ఆ పదిమందీ ఆఫీసర్లయ్యాక ఇంకో సమస్య వచ్చింది: వీళ్లకి ప్రమోషన్లు వస్తే తెల్ల ఆఫీసర్లు నల్ల ఆఫీసరు కింద పనిచెయ్యాలి కదా! దానికి 1923లో కనిపెట్టిన ఉపాయమే ఎనిమిది యూనిట్ల పథకం. భారతీయ ఆఫీసర్లని ఎంపిక చేసిన ఎనిమిది దళాల్లోకే పంపాలి, అక్కడ తెల్లవాళ్లు క్రమంగా ఖాళీ అయిపోతారు, ఎవరూ ఎవరి కిందా పనిచెయ్యక్కర్లేదు. విడిగా కూర్చోబెట్టడం అంటే ఇదే.

కానీ ఆ ఎనిమిది దళాల జాబితా తీసి, తర్వాతి రోజుల చీఫ్‌ల పేర్లు పక్కన పెట్టి చూడండి. కరియప్పది 1/7 రాజ్‌పుత్, అంటే ఏడో రాజ్‌పుత్ రెజిమెంట్‌లో ఒకటో పటాలం. శ్రీనగేష్, తిమ్మయ్య ఇద్దరూ 4/19 హైదరాబాద్ రెజిమెంట్‌లో పనిచేసినవాళ్లే. జె.ఎన్. చౌధురిది 7వ లైట్ కావల్రీ. సరిహద్దు అవతల పాకిస్తాన్‌కి మొదటి సొంత సైన్యాధిపతి అయిన అయూబ్ ఖాన్ 1/14 పంజాబ్. అంతా ఆ ఎనిమిదిలోవాళ్లే. వెలివేసి ఉంచడానికి ఏర్పాటు చేసిన చోటే రెండు దేశాల సైన్యాధిపతులు తయారయ్యారు. 1932లో డెహ్రాడూన్‌లో ఇండియన్ మిలిటరీ అకాడమీ తెరిచాక చేరిన తొలి బ్యాచ్ ఇంకా విచిత్రం. నలభై మంది కేడెట్లు. అందులో సామ్ మానెక్షా మన ఆర్మీ చీఫ్ అయ్యారు, మహమ్మద్ మూసా పాకిస్తాన్ కమాండర్ ఇన్ చీఫ్, స్మిత్ డన్ బర్మా సైన్యాధిపతి. ఒకే తరగతి గది, మూడు దేశాలు.

ఇవన్నీ ఉన్నా 1947 మొదట్లో మన ఆఫీసర్లలో అందరికంటే పై ర్యాంకులో ఉన్నవాళ్లు బ్రిగేడియర్లే. పాతికేళ్ల పాటు పైకి రానివ్వకపోతే జనరల్ ఎక్కడ్నుంచి వస్తాడు? అందుకే స్వాతంత్ర్యం వచ్చిన రోజు మన సైన్యాధిపతి ఒక ఇంగ్లిష్‌వాడు, జనరల్ రాబ్ లాక్‌హార్ట్. పాకిస్తాన్‌లోనూ అంతే, జనరల్ మెస్సర్వీ. ఈ ఇద్దరి పైన సుప్రీం కమాండర్ హోదాలో ఫీల్డ్ మార్షల్ ఆచిన్లెక్. అయితే ఆయన పని సైన్యాన్ని, సామగ్రిని రెండు దేశాలకీ పంచడం వరకే, యుద్ధాలు చేయించడం కాదు. ఆగస్టు 15నే మూడు దళాలకీ వేర్వేరు అధిపతులొచ్చారు. అప్పటిదాకా ఆర్మీ జనరల్ కిందుండే నేవీ, ఎయిర్ ఫోర్స్ సొంత కాళ్ల మీద నిలబడ్డాయి. ఎయిర్ ఫోర్స్ తొలి అధిపతి థామస్ ఎల్మ్‌హర్స్ట్ ఈ విషయంలో చాలా గట్టిగా నిలబడ్డాడు, ఆ గౌరవం ఆయనకి ఇవ్వాలి.

ఇంగ్లిష్‌వాళ్లు రెండు వైపులా కూర్చున్న ఆ ఏర్పాటు ఎంత ఇబ్బందికరమో రెండు నెలల్లోనే తేలిపోయింది. 1947 అక్టోబర్ 27న మన సైనికులు విమానాల్లో శ్రీనగర్‌లో దిగారు. ఆ రాత్రే జిన్నా, పాకిస్తాన్ సైన్యాన్ని కశ్మీర్‌లోకి పంపమని ఆదేశించారు. మెస్సర్వీ ఊళ్లో లేడు, ఆయన స్థానంలో ఉన్నది జనరల్ డగ్లస్ గ్రేసీ. పంపలేదు. ఢిల్లీలో ఉన్న ఆచిన్లెక్‌కి కబురు పెట్టాడు. మర్నాడు ఆచిన్లెక్ లాహోర్‌లో వాలిపోయి జిన్నాకి ఒకటే మాట చెప్పాడు: మీరు ఈ ఆదేశం వెనక్కి తీసుకోకపోతే రెండు సైన్యాల్లోని బ్రిటిష్ ఆఫీసర్లు అందరూ తప్పుకుంటారు. జిన్నా వెనక్కి తీసుకున్నారు. ఈసారికి అది మనకి కలిసొచ్చింది. కానీ ఒక దేశాధినేత ఇచ్చిన ఆదేశాన్ని ఆయన జీతమిచ్చే జనరల్ ఇంకెవరినో అడిగి ఆపెయ్యడం అనేది ఏ దేశానికైనా ప్రమాదమే. రేపు అదే మనకి జరగదని ఏంటి గ్యారంటీ? ఈ భయం ఢిల్లీలో అందరికీ ఉండేది. లాక్‌హార్ట్ ఆ డిసెంబర్ 31తో వెళ్లిపోయాడు, బుచర్ వచ్చాడు. 1948 చివర్లో కశ్మీర్‌లో కాల్పుల విరమణ కుదిరినప్పుడు కూడా, ప్రభుత్వాల అనుమతితోనే అనుకోండి, సందేశాలు నడిచింది ఇటు బుచర్‌కీ అటు గ్రేసీకీ మధ్య.

మన హైదరాబాద్ సంగతి కూడా ఇక్కడే వస్తుంది. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగినప్పుడు సైన్యాధిపతి ఇంకా బుచరే. ఆ చర్య మీద ఆయనకి పెద్ద ఉత్సాహం లేదు, ఆపాలనే చూశాడు. పటేల్ వినలేదు. నడిపించింది మాత్రం మనవాళ్లు: సదరన్ కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ రాజేంద్రసింహ్‌జీ, రంగంలో మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి. సెప్టెంబర్ 13న మొదలై 17కి ముగిసింది. నిజాం సైన్యాధిపతి ఎల్ ఎడ్రూస్, చౌధురి ముందు లొంగిపోయాడు. ఆ తర్వాత చౌధురే మిలిటరీ గవర్నర్‌గా హైదరాబాద్‌ని పాలించారు. రాజేంద్రసింహ్‌జీ, చౌధురి ఇద్దరూ తర్వాత ఆర్మీ చీఫ్‌లయ్యారు. ఒక విషయం గమనించాలి. చౌధురి చేతిలో ఒక రాష్ట్రం మొత్తం ఉంది, పోలీసు ఆయనది, ఖజానా ఆయనది. పని అయ్యాక సివిల్ ప్రభుత్వానికి అప్పగించి తిరిగి సైన్యంలోకి వెళ్లిపోయారు. మనకి అది మామూలు విషయంలా అనిపిస్తుంది. చాలా దేశాల్లో అలా జరగలేదు.

కరియప్ప 1949లో వచ్చారు, నాలుగేళ్లు చేశారు, 1953 జనవరిలో దిగిపోయారు. తర్వాత రాజేంద్రసింహ్‌జీ. మిగతా రెండు దళాలకి ఆలస్యమైంది. ఎయిర్ ఫోర్స్‌కి సుబ్రతో ముఖర్జీ 1954 ఏప్రిల్ 1న వచ్చారు. నేవీకైతే 1958 ఏప్రిల్ దాకా తెల్లవాళ్లే. ఆ ఏడాది ఆర్.డి. కటారి తొలి భారతీయ నేవీ చీఫ్ అయ్యారు. ఓడల మీద కమాండ్ అనుభవం ఉన్నవాళ్లు మనలో మరీ కుర్రవాళ్లు కాబట్టి ఆగారు. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను.

ఇప్పుడు 1955కి వద్దాం. అప్పటికే చాలా మారిపోయింది. 1946 సెప్టెంబర్‌లో తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడినప్పుడే రక్షణ శాఖ బల్దేవ్ సింగ్ చేతికొచ్చింది, కమాండర్ ఇన్ చీఫ్ ప్రభుత్వంలోంచి బయటికి వచ్చేశాడు. 1947లో మౌంట్‌బాటన్ ముఖ్య సహాయకుడు లార్డ్ ఇస్మే సలహాతో క్యాబినెట్ రక్షణ కమిటీ, దాని కింద రక్షణ మంత్రి కమిటీ, దాని కింద ముగ్గురు చీఫ్‌ల కమిటీ, ఇలా మూడు మెట్లు కట్టారు. 1950లో రాజ్యాంగం వచ్చాక 53వ అధికరణం ప్రకారం త్రివిధ దళాల సుప్రీం కమాండ్ రాష్ట్రపతిది. మరి పైన రాష్ట్రపతి ఉండగా కింద ముగ్గురు కమాండర్ ఇన్ చీఫ్‌లు ఎందుకు? నెహ్రూ 1955 మార్చిలో పార్లమెంటులో ప్రకటించారు, చట్టం వచ్చింది, ఏప్రిల్ 1 నుంచి ముగ్గురూ చీఫ్ ఆఫ్ స్టాఫ్‌లు, అంటే ప్రభుత్వం కింద తమ దళాల్ని నడిపే అధిపతులు మాత్రమే. జనరల్ రాజేంద్రసింహ్‌జీ మార్చి 31న పడుకునేటప్పుడు భారతదేశపు ఆఖరి ఆర్మీ కమాండర్ ఇన్ చీఫ్, మర్నాడు లేచేసరికి మొదటి చీఫ్ ఆఫ్ ది ఆర్మీ స్టాఫ్. మనిషి అదే, ఆఫీసు అదే, జీతం అదే. ఆయన మారు మాట్లాడలేదు. ఇంకో నెలన్నర చేసి రిటైరయ్యారు.

పాకిస్తాన్ అదే కుర్చీని, అదే హోదాని 1972 వరకూ అట్టిపెట్టుకుంది. అయూబ్ ఖాన్ 1951 జనవరిలో కమాండర్ ఇన్ చీఫ్ అయ్యాడు. 1954లో ఆ పదవిలో ఉంటూనే రక్షణ మంత్రి కూడా అయ్యాడు. కిచనర్ అడిగిందే ఇది! నాలుగేళ్లు తిరక్కుండానే, 1958 అక్టోబర్‌లో, దేశమే ఆయన చేతిలోకి వెళ్లిపోయింది. అక్కడి ఆఫీసర్లు మనవాళ్ల కంటే చెడ్డవాళ్లేం కాదు, అదే శాండ్‌హర్స్ట్, అదే డెహ్రాడూన్, అవే ఎనిమిది దళాలు. అక్కడి రాజకీయ పార్టీల బలహీనత, తొమ్మిదేళ్ల దాకా రాజ్యాంగం రాకపోవడం లాంటివి పెద్ద కారణాలే, వాటిని కొట్టిపారెయ్యను. కానీ ఒకడి చేతికి రెండు కుర్చీలూ ఇచ్చినప్పుడు వాడు మూడోదానికి చెయ్యి చాపడం ఎంత తేలికో చూడండి.

తెలుగువాళ్లం కాబట్టి ఇక్కడ కాసేపు ఆగాల్సిందే. రాజేంద్రసింహ్‌జీ తర్వాత 1955 మేలో ఆర్మీ చీఫ్ అయింది జనరల్ సత్యవంత్ మల్లన్న శ్రీనగేష్. కొత్త హోదాలో పూర్తి పదవీకాలం చేసిన మొదటి వ్యక్తి ఆయనే. తండ్రి డాక్టర్ మల్లన్న, హైదరాబాద్ నిజాం దగ్గర వైద్యుడు. కొడుకు శాండ్‌హర్స్ట్‌లో చదివి 1923లో ఆఫీసరయ్యారు. 1949 జులైలో కరాచీలో కాల్పుల విరమణ రేఖ ఎక్కడ ఉండాలో గీసిన ఒప్పందం మీద భారత్ తరఫున సంతకం ఆయనది. ఈరోజు మనం నియంత్రణ రేఖ అంటున్నది చాలావరకు ఆ గీత మీదే నిలబడింది. రిటైరయ్యాక హైదరాబాద్‌లో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి తొలి ప్రిన్సిపాల్, తర్వాత అస్సాం గవర్నర్, 1962 నుంచి 64 దాకా ఆంధ్రప్రదేశ్ గవర్నర్. ఇంత చేసిన మనిషి పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? 1981లో ఆర్మీ చీఫ్ అయిన కె.వి. కృష్ణారావు గారిని కొంచెమైనా గుర్తుపెట్టుకున్నాం, శ్రీనగేష్‌ని పూర్తిగా వదిలేశాం. ఎయిర్ ఫోర్స్ చీఫ్ చేసిన ఇద్రిస్ లతీఫ్‌దీ హైదరాబాదే. ఇలాంటి వాళ్ల గురించి మనం తెలుగులో రాసుకున్నది చాలా తక్కువ, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇంత మెచ్చుకున్నాక రెండో వైపు చెప్పకపోతే అన్యాయం. 1955లో పని సగమే జరిగింది. చీఫ్ ఆఫ్ స్టాఫ్ అని పెట్టాక, బ్రిటన్‌లో లాగా మంత్రీ, అధికారులూ, జనరల్సూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని నిర్ణయాలు తీసుకునే కౌన్సిళ్లు రావాలి. అవి రాలేదు. చీఫ్‌ల హెడ్‌క్వార్టర్లు రక్షణ శాఖకి బయట అనుబంధ కార్యాలయాలుగా ఉండిపోయాయి. ఫైలు కింద నుంచి పైకి పోవాలి, సైన్యం గురించి ఏమీ తెలియని ఒక అధికారి దాని మీద నోట్ రాయాలి, మళ్లీ కిందికి రావాలి. జనరల్ మంత్రి దగ్గర అణగిమణగి ఉండాలన్నది సరే, కానీ ఆయన మాట మంత్రి చెవిన పడే దారి కూడా ఉండాలి కదా.

ఆ దారి మూసుకుపోతే ఏమవుతుందో తిమ్మయ్య విషయంలో చూశాం. 1957 నుంచి ఆయన చీఫ్. 1948లో కశ్మీర్‌లో జోజీ లా కనుమ దగ్గరికి ట్యాంకులెక్కించిన మనిషి, సైన్యం ఆయన్ని ప్రాణంగా చూసుకునేది. రక్షణ మంత్రి కృష్ణమీనన్‌తో పడలేదు, ప్రమోషన్లలో మంత్రి జోక్యం భరించలేక 1959 ఆగస్టు 31న రాజీనామా పంపారు. నెహ్రూ పిలిచి నచ్చజెప్పి వెనక్కి తీసుకునేలా చేశారు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. విషయం పేపర్లకెక్కింది, సెప్టెంబర్ 2న నెహ్రూ పార్లమెంటులో తిమ్మయ్యనే తప్పుబట్టారు. నెహ్రూ మీద నాకు గౌరవం ఉంది, కానీ ఆ రోజు ఆయన చేసింది క్షమించలేను. రాజీనామా వెనక్కి తీసుకోమని బతిమాలి, తీసుకున్నాక సభలో అందరి ముందూ చిన్నబుచ్చడమా? ఆ తర్వాత చీఫ్‌గా ఆయన మాటకి విలువేం మిగులుతుంది? తన తర్వాత థోరట్ రావాలన్న సూచన కూడా చెల్లలేదు, థాపర్ వచ్చారు. పెద్దగా యుద్ధానుభవం లేని బి.ఎం. కౌల్ మంత్రి అండతో పైకొచ్చి, 1962 అక్టోబర్‌లో ఈశాన్యంలో చైనాకి ఎదురుగా నిలబడ్డ 4వ కోర్‌కి కమాండర్ అయ్యారు. నవంబర్‌లో సేలా పోయింది, బొమ్దిలా పోయింది, థాపర్ రాజీనామా చేశారు. ఎలా ఓడిపోయామో విచారించిన హెండర్సన్ బ్రూక్స్ రిపోర్టుని ఏ ప్రభుత్వమూ ఇప్పటిదాకా అధికారికంగా బయటపెట్టలేదు. అరవై ఏళ్లు దాటింది. పార్టీ ఏదైనా ఈ విషయంలో అందరూ ఒకటే.

1971 బంగ్లాదేశ్ యుద్ధం గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు, మానెక్షాకి కావలసినంత టైమ్ ఇచ్చారు, గెలిచారు. ఈ కథకి సంబంధించినంతవరకూ అందులో ముఖ్యమైంది ఒకటే: ప్రధాని, జనరల్ నేరుగా మాట్లాడుకున్నారు.

సీనియారిటీ గొడవలు మళ్లీ మళ్లీ వచ్చాయి. 1983లో ఎస్.కె. సిన్హాని కాదని ఎ.ఎస్. వైద్యని చీఫ్ చేశారు, సిన్హా రాజీనామా చేసి ఇంటికెళ్లారు. 2016లో ఇద్దరు సీనియర్లని దాటి బిపిన్ రావత్ వచ్చారు. ఎంపిక ప్రభుత్వ హక్కే. కానీ కారణం చెప్పకుండా ఆ హక్కు వాడినప్పుడల్లా పైకి రావాలంటే ఎవరికి నచ్చాలో అనే ఆలోచన కింది ఆఫీసర్లలో మొదలవుతుంది, 1962 ముందు జరిగింది సరిగ్గా అదే.

కార్గిల్ యుద్ధం తర్వాత దాన్ని సమీక్షించడానికి వేసిన సుబ్రహ్మణ్యం కమిటీ ఈ పాత లోపాలన్నీ మళ్లీ తవ్వింది. 2001లో మంత్రుల బృందం ముగ్గురు చీఫ్‌లకీ కలిపి ఒక చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ (సీడీఎస్) ఉండాలంది. పదవి రావడానికి ఇంకో పద్దెనిమిదేళ్లు పట్టింది. 2020 జనవరి 1న రావత్ తొలి సీడీఎస్‌గా చేరారు, 2021 డిసెంబర్ 8న కూనూర్ దగ్గర హెలికాప్టర్ కూలి చనిపోయారు. ఆ కుర్చీ తొమ్మిది నెలలకి పైగా ఖాళీగా ఉంది, 2022 సెప్టెంబర్ 30న అనిల్ చౌహాన్ వచ్చారు. అంత ముఖ్యమని చెప్పి పెట్టిన పదవిని అన్నాళ్లు ఖాళీగా ఉంచడం నాకు అస్సలు నచ్చలేదు.

సీడీఎస్ అంటే పాత కమాండర్ ఇన్ చీఫ్ తిరిగొచ్చినట్టేనా అని అడిగేవాళ్లున్నారు. కాదు. 2019 డిసెంబర్ ప్రకటనలోనే స్పష్టంగా ఉంది: సీడీఎస్‌కి ముగ్గురు చీఫ్‌ల మీద సహా ఎలాంటి సైనిక కమాండ్ ఉండదు. ఆయన రక్షణ మంత్రికి సలహాదారు, ప్రభుత్వంలో ఒక కొత్త సైనిక వ్యవహారాల విభాగానికి కార్యదర్శి. అంటే యూనిఫాంలో ఉన్న మనిషి మంత్రిత్వ శాఖ లోపలికి వచ్చి ఫైలు మీద సంతకం పెడుతున్నాడు, కానీ పటాలాన్ని కదిలించే అధికారం ఆయన చేతిలో లేదు. 1955లో వదిలేసిన సగం పనిలో కొంత ఇప్పుడైందని నేననుకుంటాను. మూడు దళాలనీ కలిపి ప్రాంతాల వారీగా థియేటర్ కమాండ్‌లు పెట్టాలన్న ప్రతిపాదన కూడా దీని వెంటే వచ్చింది. ఆ థియేటర్ కమాండర్లు ఎవరి మాట వినాలి, చీఫ్‌ల దగ్గర ఏం మిగలాలి, మంత్రి దగ్గరికి నేరుగా వెళ్లేది ఎవరు అన్నది మామూలు ఆర్డర్లతో తేల్చెయ్యకుండా పార్లమెంటులో చర్చించి, చట్టంలో రాసి పెట్టాలని నా కోరిక. 1955లో కనీసం హోదా మార్చడానికైనా ఒక చట్టం చేశారు.